పెరట్లో కోళ్లు, బాతులు, గిన్నీకోళ్లు, టర్కీలు కలిపి పెంచేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

పెరట్లో రెండు మూడు రకాల పక్షుల్ని పెంచేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలివి. పగలు అన్నీ కలిసి తిరిగితే పెద్దగా ఇబ్బంది ఉండదు. చిక్కులన్నీ రాత్రి గూట్లో, నీళ్ల తొట్టి దగ్గర, జతకట్టే కాలంలో, పొదుగు రోజుల లెక్కలో వస్తాయి. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్ డిగ్రీల్లో ఇచ్చాం.

## మొదలుపెట్టే ముందు

ఏ పక్షుల్ని కలిపి పెంచొచ్చు? ఏవి వద్దు?

కోళ్లు, బాతులు, గిన్నీకోళ్లు ఒకే పెరట్లో సర్దుకుపోతాయి. టర్కీల సంగతి వేరు. కోళ్ల పేగుల్లో ఉండే ఒక సన్నటి నులిపురుగు గుడ్లలో హిస్టోమోనాస్ అనే సూక్ష్మజీవి దాక్కుంటుంది. కోళ్లకు దానివల్ల పెద్దగా ఏమీ కాదు. టర్కీలకు మాత్రం కాలేయం పాడై, గంధకం రంగులో పసుప్పచ్చ రెట్ట వేస్తూ కొద్ది రోజుల్లోనే చనిపోతాయి. దీన్ని బ్లాక్‌హెడ్ అంటారు. ఆ పురుగు గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి, వానపాముల ద్వారా కూడా చేరతాయి. అందుకే ఇప్పుడు కోళ్లు లేకపోయినా, మొన్నటిదాకా అవి తిరిగిన నేల మీద టర్కీలను వదలకండి. వాటికి విడిగా నేల చూపించలేకపోతే టర్కీలు మానుకోవడమే మంచిది. కౌజు పిట్టల్ని కూడా విడి పంజరంలోనే ఉంచాలి, కోళ్లు పొడిచి చంపేస్తాయి.

ఎన్నింటితో మొదలుపెట్టాలి? ఎంత చోటు కావాలి?

ఒక పుంజు, ఎనిమిది పెట్టలు, ఒక మగబాతు, నాలుగైదు ఆడబాతులు ఉంటే పిల్లల్ని తీయడానికి సరిపోతాయి. గూట్లో ఒక్కో కోడికి 4 చదరపు అడుగులు, బాతుకు 5 నుంచి 6, బయట తిరిగే దొడ్లో తలకు కనీసం 10 చదరపు అడుగులు చూసుకోండి. చోటు ఇరుకైతే ముందు ఈకలు పీక్కోవడం మొదలవుతుంది, తర్వాత రోగాలు వస్తాయి.

బయటి నుంచి తెచ్చిన పక్షిని వెంటనే మందలో వదలొచ్చా?

వద్దు. 30 రోజులు వేరే గూట్లో, వేరే గిన్నెలతో ఉంచండి. రోజూ ముందు పాత మందకు మేత వేసి, చివర్లో కొత్తదాని దగ్గరికి వెళ్లండి. చెప్పులు కూడా వేరుగా ఉండాలి. తుమ్ములు, కళ్లలో నురగ, పలచటి రెట్ట, ఈకల మొదళ్లలో పేలు ఉన్నాయేమో చూడండి. గడువు తీరాక ఒక వారం జాలీకి అవతల, పాతవాటికి కనిపించేలా ఉంచి, ఆ తర్వాత సాయంత్రం పూట కలపండి. ఒక్క పక్షిని దింపితే అన్నీ దాని మీదే పడతాయి. కనీసం రెండింటిని కలిపి దింపండి.

## గూడు, మేత, నీళ్లు

బాతులూ కోళ్లూ ఒకే గూట్లో పడుకోవచ్చా?

పడుకోవచ్చు, మధ్యలో తడిక ఉంటే ఇంకా మంచిది. కోళ్లు దండెం మీద నిద్రపోతాయి, బాతులు నేల మీద. దండెం కింద బాతులు పడుకుంటే కోళ్ల రెట్ట తెల్లవార్లూ వాటి వీపున పడుతుంది. దండేన్ని ఒక పక్కకు, బాతుల పడకను ఇంకో పక్కకు జరపండి. దండెం 4, 5 సెంటీమీటర్ల వెడల్పుతో, అంచులు నున్నగా ఉండాలి. ఒక్కో కోడికి 20 నుంచి 25 సెంటీమీటర్ల జాగా చాలు. బాతులు రాత్రంతా కదులుతూనే ఉంటాయి, వాటి రెట్టలో నీరు కూడా ఎక్కువ. గాలి ఆడే సందులు దండెం ఎత్తు కంటే పైన ఉండేలా చూడండి.

అన్నిటికీ ఒకే దాణా పెట్టొచ్చా?

పెద్ద పక్షులకు పెట్టొచ్చు. మాంసకృత్తులు 16 నుంచి 18 శాతం ఉండే గ్రోయర్ దాణా (ఎదిగే పక్షుల దాణా) అందరికీ వేసి, గుడ్లు పెట్టేవాటి కోసం గుల్ల పొడిని వేరే గిన్నెలో పెట్టండి. కావలసినవే వచ్చి తింటాయి. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. అది గుడ్డు మీదకు రాని పిల్లల మూత్రపిండాలను పాడుచేస్తుంది, పుంజులకూ అక్కర్లేదు. రోజుకు కోడికి 110 నుంచి 120 గ్రాములు, బాతుకు 150 నుంచి 170 గ్రాములు పడుతుంది. గింజలు, నూకలు ఇందులో పదో వంతు దాటితే గుడ్లు తగ్గుతాయి. సంచి మీద సాలినోమైసిన్ లేదా నరాసిన్ అని రాసి ఉంటే ఆ దాణా టర్కీలకు విషం. కొనేముందు చదవండి.

బాతులకు కుంట తప్పనిసరా? ఉన్న నీళ్లన్నీ బురద చేస్తున్నాయి.

కుంట లేకపోయినా బతుకుతాయి. కానీ తల పూర్తిగా మునిగేంత లోతు నీళ్లు కావాలి. ముక్కు రంధ్రాలను, కళ్లను అవి అలాగే కడుక్కుంటాయి. లేకపోతే కళ్లు అంటుకుపోతాయి. బురదకు మందు ఒకటే: తొట్టిని నేల మీద పెట్టకండి. అడుగు లోతు గుంట తవ్వి, కంకర నింపి, పైన జాలీ పరిచి దాని మీద తొట్టి పెడితే చిందిన నీళ్లు కిందికి దిగిపోతాయి. కోళ్లకు వేరే నీళ్ల గిన్నెను బాతుల ముక్కుకు అందని ఎత్తులో ఉంచండి. రాత్రి గూట్లో నీళ్లు పెట్టకపోతే మేత కూడా పెట్టకూడదు, నీళ్లు లేకుండా మేత మింగిన బాతుకు గొంతు పట్టుకుపోతుంది.

గూట్లో ఘాటు వాసన వస్తోంది. అంతా తీసి కడగాలా?

కడగక్కర్లేదు, ఆరబెట్టాలి. పక్షి తల ఉండే ఎత్తుకు వంగి పీల్చండి. కళ్లు మండితే అమోనియా వాటి ఊపిరితిత్తులకు అప్పటికే హాని చేస్తున్నట్టు. తడిసిన ఊకను తీసేసి, పొడి ఊక లేదా రంపపు పొట్టు 10 సెంటీమీటర్ల మందాన వేసి వారానికి రెండుసార్లు తిరగేయండి. గుప్పెడు ఊకను పిడికిట్లో నొక్కి వదిలితే విడిపోవాలి. ముద్దగా నిలిచిందంటే తడి ఎక్కువైంది.

గిన్నీకోళ్లు, బాతులు గుడ్లు ఎక్కడ పెడుతున్నాయో తెలియడం లేదు.

బాతులు తెల్లవారుజామున పెడతాయి. ఉదయం తొమ్మిది దాకా గూట్లోనే ఉంచితే గుడ్లు గూట్లోనే దొరుకుతాయి. గిన్నీకోళ్లు పగటి వేళ పొదల్లో పెడతాయి, ఒకే చోట రెండు మూడు పెట్టలు కూడా పెట్టొచ్చు. ఆ కాలంలో వాటిని మధ్యాహ్నం దాటాక వదలండి. పొదలో గూడు కనిపిస్తే మొత్తం తీయకండి. నాలుగైదు వదిలేస్తే అక్కడికే మళ్లీ వస్తాయి, ఖాళీ చేస్తే ఇంకో చోటు వెతుక్కుంటాయి.

## జతకట్టే కాలం

ఎన్ని పెట్టలకు ఒక పుంజు ఉండాలి?

కోళ్లలో ఎనిమిది నుంచి పది పెట్టలకు ఒకటి. బాతుల్లో, గిన్నీకోళ్లలో నాలుగైదింటికి ఒకటి. మగవి ఎక్కువైతే పెట్టల వీపు మీద, మెడ వెనక ఈకలు ఊడిపోతాయి, చర్మం చీరుకుపోతుంది. గుడ్లలో పిల్లలు పెరగవు కూడా, ఎందుకంటే ఒకటి తొక్కబోతే ఇంకోటి వచ్చి పడదోస్తుంది.

మగబాతు కోడిపెట్టల మీద పడుతోంది. వదిలేయొచ్చా?

వదిలేయకండి, వెంటనే విడదీయండి. పుంజుకు బయటికి వచ్చే అంగం ఉండదు, రెండు ద్వారాలు తాకితే చాలు. మగబాతుకు పొడవాటి అంగం ఉంటుంది. అది కోడిపెట్టను లోపల చీల్చేస్తుంది, పెట్ట చనిపోవచ్చు. ఆడబాతులు తక్కువగా ఉన్నప్పుడు, లేదా మగబాతు చిన్నప్పటి నుంచి కోడిపిల్లలతోనే పెరిగినప్పుడు ఈ అలవాటు వస్తుంది. ఆడబాతుల సంఖ్య పెంచినా మారకపోతే, గుడ్ల కాలం అయ్యేదాకా మగబాతును వేరే దొడ్లో ఉంచండి.

వేరే వేరే జాతులు కలిస్తే పిల్లలు పుడతాయా?

కోళ్లలో ఏ రకం ఏ రకంతో కలిసినా పుడతాయి, ఆ పిల్లలు మళ్లీ గుడ్లు పెట్టి పిల్లల్ని కంటాయి. మస్కోవీ బాతు (ముఖం మీద ఎర్రటి బుడిపెలుండే వేరే జాతి) మామూలు బాతుతో కలిస్తే పిల్లలు బలంగా పెరుగుతాయి గానీ గొడ్డువి అవుతాయి. కోడికీ గిన్నీకోడికీ అరుదుగా పుట్టే పిల్లలూ అంతే. కోడికీ బాతుకూ కలిసి పిల్లలు పుట్టవు.

పుంజును మార్చాం. కొత్త పుంజు పిల్లలే కావాలంటే ఎన్నాళ్లు ఆగాలి?

పాత పుంజును తీసేశాక మూడు వారాలు ఆగి, ఆ తర్వాత పెట్టిన గుడ్లు పొదగేయండి. పెట్ట లోపల వీర్యం దాచుకునే సన్నటి గొట్టాలు ఉంటాయి, ఒక్కసారి తొక్కితే రెండు వారాలు, ఒక్కోసారి అంతకు మించి పనిచేస్తుంది. టర్కీల్లో ఇది ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఏళ్ల తరబడి అదే మందలో పిల్లల్ని తీస్తున్నాం. రక్తం దగ్గరైపోయి చెడిపోతాయా?

చెడిపోతాయి. అది ముందు గుడ్లలోనే తెలుస్తుంది: పుంజు తొక్కినా మురిగే గుడ్లు ఎక్కువవుతాయి, పెంకు పగలగొట్టే దశలో పిల్లలు చనిపోతుంటాయి, ఒకే ఈడు పిల్లల్లో ఎదుగుదల తేడాగా ఉంటుంది. ప్రతి ఏడూ బయటి నుంచి పుంజును తెచ్చుకోవచ్చు గానీ, దానితోపాటు రోగం కూడా రావచ్చు. మేం చెప్పేది మూడు గుంపుల పద్ధతి. మందను ఎరుపు, పసుపు, నీలం కాలి ఉంగరాలతో మూడుగా విడగొట్టండి. పుట్టిన ప్రతి పిల్లకూ తల్లి రంగే వేయండి. ఏటా ఎరుపు గుంపులో పుట్టిన మంచి పుంజును పసుపు పెట్టలకు, పసుపు పుంజును నీలం పెట్టలకు, నీలం పుంజును ఎరుపు పెట్టలకు ఇవ్వండి. ఆడవి ఎప్పుడూ తల్లి గుంపులోనే ఉంటాయి, మగవి ఒక అడుగు జరుగుతాయి. అన్నాచెల్లెళ్లు కలిసే అవకాశం ఉండదు. ఒక్కో గుంపులో ఒక పుంజు, నాలుగైదు పెట్టలున్నా చాలా ఏళ్లు సాగుతుంది. ఉంగరం వేయడం ఒక్క ఏడాది మరిచిపోయినా లెక్కంతా కలిసిపోతుంది. పిల్ల తల్లిని విడిచేలోపే వేసేయండి.

## పొదుగు

పొదగేయడానికి గుడ్లను ఎన్ని రోజులు దాచొచ్చు?

ఏడు రోజులైతే మేలు. పది దాటితే రోజురోజుకూ పిల్లలు తగ్గుతాయి. 12 నుంచి 18 డిగ్రీల చల్లటి చోట, సన్నటి కొన కిందికి ఉండేలా పెట్టండి. కడగకండి, పెంకు మీది సన్నటి పొర పోతే సూక్ష్మజీవులు లోపలికి వెళతాయి. రెట్ట అంటిన గుడ్డును పక్కన పెట్టేయండి. పొదగేసే ముందు సగం రోజు గది వేడిలో ఉంచితే పెంకు మీద చెమ్మ పట్టదు.

ఏ గుడ్డుకు ఎన్ని రోజులు? రెండు రకాలు కలిపి పొదగేయొచ్చా?

కౌజుకు 17, 18 రోజులు. కోడికి 21. గిన్నీకోడికి 26 నుంచి 28. మామూలు బాతుకూ టర్కీకీ 28. మస్కోవీ బాతుకు 35. కలిపి వేయొచ్చు, కానీ అన్నీ ఒకే రోజు పొదిగి బయటికి రావాలి. బాతు గుడ్లు ముందు వేసి, ఏడు రోజుల తర్వాత కోడిగుడ్లు చేర్చండి. ఒకే రోజు వేస్తే, 21వ రోజున పిల్లలు రాగానే పెట్ట వాటిని తీసుకుని గూడు దిగిపోతుంది, బాతు గుడ్లు చల్లారిపోతాయి.

పెట్ట కింద ఎన్ని గుడ్లు పెట్టాలి?

మధ్యరకం పెట్టకు కోడిగుడ్లు పది నుంచి పన్నెండు, బాతు గుడ్లైతే ఆరు నుంచి ఎనిమిది. పెట్ట కూర్చున్నాక పక్కలకు ఒక్క గుడ్డు కూడా బయటికి కనిపించకూడదు. అన్నిటి మీదా పెన్సిల్‌తో గీత పెట్టండి, మిగతా పెట్టలు వచ్చి కొత్తవి పెడితే తేలిగ్గా తీసేయొచ్చు. చోటు మార్చాలంటే చీకటి పడ్డాక, ముందు ఉత్తుత్తి గుడ్ల మీద కూర్చోబెట్టి, రెండు రాత్రులు కదలకపోతే అసలు గుడ్లు పెట్టండి. రోజుకోసారి పదిహేను, ఇరవై నిమిషాలు అది దిగితే కంగారు పడొద్దు.

ఇంక్యుబేటర్‌లో (గుడ్లు పొదిగే యంత్రంలో) వేడి, తేమ ఎంత ఉండాలి?

ఫ్యాన్ ఉన్నదైతే 37.5 డిగ్రీలు. ఫ్యాన్ లేనిదైతే గుడ్ల పైభాగం ఎత్తులో 38.5 డిగ్రీలు. తేమ కోడిగుడ్లకు మొదటి 18 రోజులు 45 నుంచి 55 శాతం, చివరి మూడు రోజులు 65 నుంచి 70. రోజుకు కనీసం మూడుసార్లు గుడ్లు తిప్పాలి. మూడు, ఐదు ఇలా బేసి సంఖ్యలో తిప్పితే రాత్రి వేళ ఒకే పక్కన రోజూ ఉండిపోదు. కోడిగుడ్లను 18వ రోజున, బాతు గుడ్లను 25వ రోజున తిప్పడం మానేయండి. బాతు గుడ్లకు పదో రోజు నుంచి రోజూ పది, పదిహేను నిమిషాలు మూత తీసి, గోరువెచ్చని నీళ్లు చల్లడం మంచిది. ఆడబాతు తడి పొట్టతో గూటికి రావడం లాంటిదే ఇది.

గుడ్డులో పిల్ల పెరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

ఏడో రోజు చీకటి గదిలో టార్చి మీద మొద్దు కొన ఆనించి చూడండి. సాలీడు కాళ్లలా నాలుగు వైపులకూ ఎర్రటి నరాలు, మధ్యలో చిన్న నల్ల చుక్క కదులుతూ కనిపిస్తే పిల్ల బతికుంది. ఏమీ లేక పచ్చగా వెలిగితే పుంజు తొక్కని గుడ్డు. ఉంగరంలా ఎర్రగీత ఒక్కటే ఉంటే మొదట్లోనే చనిపోయింది. 14వ రోజు మళ్లీ చూసి మురిగినవి తీసేయండి. మురిగిన గుడ్డు లోపల పేలితే మిగతా గుడ్లన్నిటికీ ప్రమాదం.

పెంకుకు చిల్లు పడి చాలాసేపైంది. పిల్లను బయటికి తీయాలా?

ఆగండి. మొద్దు వైపు నక్షత్రంలా పగులు పడిన తర్వాత పిల్ల కదలకుండా ఉండిపోవడం మామూలే. ఆ గంటల్లోనే ఊపిరితిత్తులు పని మొదలెడతాయి, పచ్చసొన పొట్టలోకి పోతుంది, పొరలోని నెత్తురు పిల్లలోకి తిరిగి చేరుతుంది. కోడిపిల్లకు 12 నుంచి 24 గంటలు, బాతుపిల్లకు రెండు రోజుల దాకా పడుతుంది. తొందరపడి పెంకు ఊడదీస్తే నరాలు తెగి నెత్తురు కారుతుంది. ఆ గడువు దాటాక కూడా కదలిక లేక, చిల్లు అంచున పొర ఎండి గోధుమరంగుకు తిరిగి పిల్లకు అంటుకుపోతే, అప్పుడు మాత్రం గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో పొరను తడిపి, మొద్దు వైపు పెంకును కొద్దికొద్దిగా తీయండి. నెత్తురు చుక్క కనిపిస్తే అక్కడే ఆపి మూడు గంటలు వదిలేయండి. మూత పదేపదే తెరవడం వల్లే ఈ పొర ఎండిపోవడం ఎక్కువ. ముందు పుట్టిన పిల్లలు పచ్చసొన బలంతో 48 గంటలు మేత లేకుండా ఉండగలవు, వాటి కోసం తెరవాల్సిన పని లేదు.

పెట్ట పొదుగు మానడం లేదు. ఎలా మాన్పించాలి?

అడుగున జాలీ ఉన్న పెట్టెను నేల నుంచి ఎత్తులో పెట్టి, గడ్డి వేయకుండా, మేత, నీళ్లతో మూడు నాలుగు రోజులు అందులో ఉంచండి. పొట్ట కింద గాలి తగిలి చల్లబడితే మానుతుంది. నీళ్లలో ముంచడం లాంటివి చేయకండి.

## పిల్లల తొలి వారాలు

బ్రూడర్‌లో (పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలో) వేడి సరిపోయిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

మొదటి వారం 34, 35 డిగ్రీలు, ఆ తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించండి. థర్మామీటర్ కంటే పిల్లల్ని చూడటం ముఖ్యం. బల్బు కింద గుట్టపడి అరుస్తుంటే చలి. అంచులకు పోయి నోరు తెరిస్తే వేడి. ఒక మూలకే చేరితే ఎక్కడినుంచో గాలి కొడుతోంది. అంతటా పరుచుకుని పడుకుంటే సరిగ్గా ఉంది. నున్నటి కాగితం మాత్రం పరచకండి, కాళ్లు జారి పక్కలకు చీలిపోతాయి.

కోడిపిల్లల్నీ బాతుపిల్లల్నీ ఒకే బ్రూడర్‌లో పెట్టొచ్చా?

రెండు మూడు రోజులు సరే, తర్వాత వేరు చేయండి. బాతుపిల్లలు నీళ్లు చిమ్మి నేలంతా తడిపేస్తాయి, కోడిపిల్లలు చలిపట్టి పోతాయి. టర్కీ, గిన్నీ పిల్లలకు 24 నుంచి 28 శాతం మాంసకృత్తులున్న మేత కావాలి, కోడిపిల్లల మేతలో 18 నుంచి 20 శాతమే ఉంటుంది. గిన్నీ పిల్లలు వేలెడు లోతు నీళ్లలో కూడా మునిగి చనిపోతాయి, గిన్నెలో గులకరాళ్లు నింపండి.

బాతుపిల్లల కాళ్లు వంకర పోతున్నాయి. ఏం లోపం?

చాలావరకు నయాసిన్ (బి3 విటమిన్) లోపం. మోకీలు వాచి, కాళ్లు విల్లులా వంగి, నడవకుండా కూర్చుండిపోతాయి. బాతుపిల్లకు కోడిపిల్ల కంటే ఇది చాలా ఎక్కువ కావాలి. కిలో మేతకు 50 నుంచి 75 గ్రాముల బ్రూవర్స్ ఈస్ట్ కలిపి మొదటి రోజు నుంచీ పెట్టండి. కాళ్లు వంగడం కనిపించిన వెంటనే ఇస్తే చాలావరకు నిలబడతాయి, ఆలస్యమైతే వంకర అలాగే ఉండిపోతుంది.

ఏది మగదో ఏది ఆడదో ఎప్పుడు తెలుస్తుంది?

బాతుల్లో గొంతు చెబుతుంది: గట్టిగా బొంగురులేకుండా అరిచేది ఆడది, గుసగుసలాడినట్టు బొంగురుగా పలికేది మగది. మస్కోవీలు అరవవు, బుసకొట్టడం వినిపిస్తే మగది. గిన్నీకోళ్లలో రెండు ముక్కలుగా కూసేది ఆడదే, మగది ఎప్పుడూ ఒకే ముక్క కూస్తుంది. కోళ్లలో పది, పన్నెండు వారాలకు నడుము దగ్గర ఈకలు సన్నగా మొనదేలితే పుంజు. పుట్టగానే తెలియాలంటే జతలోనే ఏర్పాటు చేసుకోవచ్చు: చారల ఈకల ప్లిమత్ రాక్ పెట్టలకు రోడ్ ఐలాండ్ రెడ్ పుంజును వదిలితే, తల మీద తెల్లమచ్చతో పుట్టినవి పుంజులు, మచ్చ లేనివి పెట్టలు. తిరగేసి కలిపితే ఈ గుర్తు రాదు.

## రోగాలు

పిల్లల రెట్టలో రక్తం పడుతోంది. మిగతా రకాలకూ అంటుకుంటుందా?

మూడు నుంచి ఆరు వారాల వయసులో వచ్చేది కాక్సిడియోసిస్ (కాక్సిడియా అనే సూక్ష్మజీవుల వల్ల వచ్చే పేగుల రోగం) అయి ఉంటుంది. ఏ జాతికి ఆ జాతి కాక్సిడియా వేరు, కోడిపిల్లలది బాతులకు రాదు. నీళ్లలో ఆంప్రోలియం మందును డబ్బా మీది కొలత ప్రకారం ఇవ్వండి. ఆ రోజుల్లో బి విటమిన్ మందులు ఆపండి, ఆంప్రోలియం పనిచేసేదే బి1ను అడ్డుకుని. తడి ఊక అంతా మార్చేయండి. రోగం గింజలు తడిలో ఒకటి రెండు రోజుల్లోనే అంటుకునే స్థితికి వస్తాయి.

కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే వైరస్ జబ్బు) టీకా ఎప్పుడు వేయాలి?

తొలి టీకా మొదటి వారంలో కంట్లో చుక్కగా, తర్వాతివి పశువైద్యుడు చెప్పిన వరుసలో. టీకాను ఐసులో తెచ్చి, కలిపాక రెండు గంటల్లో వాడేయండి. బాతులు జబ్బు పడకుండానే ఈ వైరస్‌ను మోయగలవు కాబట్టి కోళ్ల టీకా దాటేయకండి.

కోళ్లు రాత్రి గూట్లోకి వెళ్లనంటున్నాయి. ఎందుకు?

ఎర్ర గోమార్లు చేరి ఉంటాయి. పగలు దండెం పగుళ్లలో దాక్కుని, రాత్రి వచ్చి నెత్తురు పీలుస్తాయి. చీకట్లో తెల్లగుడ్డతో దండెం అడుగు భాగం తుడిచి చూడండి, ఎర్రటి గీతలు పడితే అవే. పక్షి మీద ఎంత మందు చల్లినా లాభం లేదు, పగుళ్లలో చల్లాలి. గోమార్ల గుడ్లు చావవు కాబట్టి వారం, పది రోజులకు మళ్లీ చల్లాలి.

రెండు రోజుల్లో చాలా కోళ్లు చనిపోయాయి, బాతులు మాత్రం బాగానే ఉన్నాయి. ఏం చేయాలి?

బర్డ్ ఫ్లూ అని అనుమానించండి. బాతులు పైకి ఆరోగ్యంగా ఉండి వైరస్ వదలగలవు. చనిపోయినవాటిని కోయకండి, తినకండి, ఎవరికీ ఇవ్వకండి. చేతికి తొడుగు, ముఖానికి మాస్కు లేకుండా ముట్టుకోకండి. మందను గూట్లోనే ఉంచి పశువైద్యుడికి అదే రోజు చెప్పండి. అడవి బాతులు దిగే నీళ్లకు మీ పక్షులు వెళ్లకుండా చూడండి.

మందు వాడిన తర్వాత గుడ్లు ఎప్పటి నుంచి తినొచ్చు?

ప్రతి మందుకూ విడిచిపెట్టాల్సిన రోజుల సంఖ్య డబ్బా మీద ఉంటుంది. చివరి మోతాదు ఇచ్చిన రోజు నుంచి లెక్కపెట్టండి, మొదటి రోజు నుంచి కాదు. గుడ్లు పెట్టేవాటికి వాడకూడదని రాసి ఉంటే ఆ మందును మందలోని పెట్టలెవ్వరికీ ఇవ్వకండి. కలిసి నీళ్లు తాగే మందలో ఒక రకానికి మందు కలిపితే అన్నీ తాగుతాయి, కాబట్టి జబ్బు చేసినదాన్ని వేరు చేసి దాని గిన్నెలోనే కలపండి.